అనుమానం పెనుభూతమైన వేళ



పెద్ద గ్రంథాలయాల్లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు సంపుటాలు వరుసగా నిలబెట్టి ఉండడం మీలో కొందరైనా చూసి ఉంటారు. ఒక్కొక్క మాట ఏ శతాబ్దంలో పుట్టింది, ఎవరు ఏ పుస్తకంలో ఎలా వాడారు అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. ఆ మహాకార్యానికి ఊరూరా ఉన్న చదువరులు పాత పుస్తకాలు తిరగేసి, మాటలు వాడిన చోట్లు చీటీల మీద రాసి పంపేవారు. అలా పంపినవారిలో అందరికన్నా మిన్న అనిపించుకున్న కొద్దిమందిలో ఒకాయన డాక్టర్ విలియం చెస్టర్ మైనర్. ఆయన చీటీలన్నీ ఒక పిచ్చాసుపత్రి గదిలోంచి వచ్చేవి. ఒక నిరపరాధిని కాల్చి చంపి ఆయన అక్కడికి చేరాడు.

ఈ వారం ఆయన కథ చెప్పడానికి ఒక కారణం ఉంది. ఎవరో తనకు విషం పెడుతున్నారని, రాత్రిళ్ళు గదిలోకి వస్తున్నారని, తన మీద కుట్ర జరుగుతోందని నమ్మే మనిషి మీ ఇంట్లో ఉండవచ్చు, మీ విచారణలో ఉండవచ్చు. అటువంటి నమ్మకం ఒక్కనాడు పుట్టేది కాదు. మొలకగా మొదలై, మొక్కయి, మానవుతుంది. మొలకగా ఉన్నప్పుడు మనం దాన్ని గుర్తుపట్టం. మానయ్యాక గొడ్డలి తీసుకుని వెళ్తాం. మైనర్ జీవితంలో ఆ మొలక ఎలా మానయిందో మీరే చూడండి.

మంచి ఇంటి బిడ్డ

మైనర్ 1834 జూన్‌లో సింహళంలో, అంటే నేటి శ్రీలంకలో పుట్టాడు. తల్లిదండ్రులు అమెరికా నుంచి వచ్చిన ప్రొటెస్టంటు మిషనరీలు. తండ్రి జాఫ్నా ప్రాంతంలో మిషను ముద్రణాలయం చూసుకునేవాడు. పిల్లవాడికి మూడేళ్ళప్పుడు తల్లి చనిపోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. కుర్రవాడు తెలివైనవాడు, చుట్టుపక్కల భాషలు ఇట్టే పట్టుకున్నాడు. 14 ఏళ్ళ వయసులో అతన్ని అమెరికాలో ఉన్న బంధువుల దగ్గరికి చదువుకు పంపారు. యేల్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1863లో పట్టా పుచ్చుకున్నాడు. బొమ్మలు చక్కగా వేసేవాడు, వేణువు వాయించేవాడు. నెమ్మదస్తుడని పేరు.

అప్పుడు అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం జరుగుతోంది. మైనర్ ఉత్తరాది సైన్యంలో శస్త్రవైద్యుడుగా చేరాడు. తెగిన కాళ్ళు, కాలిన ఒళ్ళు, కేకలు ఆయన రోజూ చూసినవే. సైన్యం వదిలి పారిపోయిన ఒక ఐరిష్ సిపాయి చెంప మీద కాల్చిన ఇనుముతో వాత పెట్టే పని ఆయనకు అప్పగించారనీ, మతి చెడడానికి అదే కారణమనీ తరువాత ఒక కథ బాగా ప్రచారమైంది. అటువంటి కథలు మనకు తృప్తినిస్తాయి, ఎందుకంటే ఒకే ఒక్క కారణం దొరికినట్లుంటుంది. కాని ఈ జబ్బు ఒక్క సంఘటనతో వచ్చేది కాదని నేటి వైద్యులు చెబుతారు. పుట్టుకతో వచ్చే బలహీనత, మెదడులోని మార్పులు, జీవితంలో తగిలే దెబ్బలు కలిసి దారి తీస్తాయి. యుద్ధం చూసిన వైద్యులు వేలమంది ఉన్నారు. వారిలో చాలామంది మామూలుగానే ఇళ్ళకు వెళ్ళారు.

మొలక

యుద్ధం ముగిశాక ఆయన్ని న్యూయార్కులో నియమించారు. అక్కడే మార్పు మొదలైంది. రాత్రిళ్ళు చెడు వీధుల్లో తిరగసాగాడు. తోటి అధికారులు తన గురించి ఏదో గుసగుసలాడుతున్నారని అనిపించింది. జేబులో పిస్తోలు పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. పై అధికారులు ఆయన్ని ఫ్లోరిడాకు పంపారు. అక్కడ అనుమానం ముదిరి, స్నేహితుడైన అధికారినే ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. 1868లో సైన్యమే ఆయన్ని వాషింగ్టన్‌లోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో చేర్పించింది. ఏడాదిన్నర పాటు ఉన్నాడు. నయం కాలేదు. ఉద్యోగంలో ఉండగా వచ్చిన జబ్బని ఒప్పుకుని సైన్యం ఆయనకు జీవితాంతం పింఛను ఇచ్చి విశ్రాంతినిచ్చింది.

ఇక్కడ కాస్త ఆగండి. మొదట్లో ఆయనకు శత్రువు ఎవరో తెలియదు. ఏదో జరుగుతోందన్న భయం మాత్రమే ఉంది. వైద్యులు ఇటువంటి రోగుల్లో చాలామందిలో గమనించిన క్రమం ఇదే. తొలి రోజుల్లో నిద్ర పట్టదు. లోకం ఏదో మారినట్లు, గాలిలో ఏదో ఉన్నట్లు ఉంటుంది. ఎవరైనా దగ్గితే తన కోసమే దగ్గినట్లు, వీధిలో ఇద్దరు నవ్వుకుంటే తన గురించే నవ్వినట్లు తోస్తుంది. మన మెదడులో డోపమిన్ అనే రసాయనం ఉంది. చుట్టూ ఉన్నవాటిలో ఏది ముఖ్యమో, ఏది కాదో చూపించడంలో దానికి పాత్ర ఉంది. అది అదుపు తప్పినప్పుడు ముఖ్యం కానివన్నీ ముఖ్యమైనవిగా కనిపిస్తాయని శాస్త్రజ్ఞులు వివరిస్తున్నారు. అర్థం లేని చోట అర్థం కనిపిస్తుంటే మనిషి ఊరుకోలేడు కదా! దీనికంతటికీ కారణం ఎవరు అని వెతుకుతాడు.

పేరు దొరికింది

1871 చివర్లో విశ్రాంతి కోసమని కుటుంబం ఆయన్ని ఇంగ్లండుకు పంపింది. లండనులో లాంబెత్ అనే పేదల పేటలో గదులు అద్దెకు తీసుకున్నాడు. ఊరు మారితే మనసు మారుతుందని మనం కూడా అనుకుంటాం. అయితే జబ్బు కూడా ఆయనతో పాటే ఓడ ఎక్కింది. అక్కడ శత్రువుకు ఒక పేరు దొరికింది. ఫీనియన్లనే ఐరిష్ రహస్య సంఘం తన మీద పగబట్టిందని ఆయన నమ్మాడు.

ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది? ఫీనియన్లు నిజంగానే ఉన్నారు. 1867 డిసెంబరులో లండనులోని క్లెర్కెన్‌వెల్ జైలు గోడ దగ్గర వారు జరిపిన పేలుడులో జనం చనిపోయారు. ఊరంతా భయపడుతూనే ఉంది. పొట్ట చేత పట్టుకుని వచ్చిన ఐరిష్ కూలీలు, వారిలో ఎక్కువమంది మన కతోలికులే, ఆ రోజుల్లో అక్కడ అనుమానపు చూపులు భరిస్తూ బతికారు. జబ్బుపడిన మనసు తన భయానికి ముఖం కావలసి, చుట్టూ ఉన్న సమాజం భయపడే ముఖాన్నే తెచ్చి తగిలించుకుంది. మన పల్లెల్లో అదే జబ్బు చేతబడి పేరు చెబుతుంది, పొలం గట్టు తగాదా ఉన్న దాయాది పేరు చెబుతుంది. నేటి పట్నాల్లో సెల్ ఫోన్, కెమెరా, పోలీసులు అంటుంది. జబ్బు ఒక్కటే, వేషాలు వేరు.

రాత్రిళ్ళు మనుషులు తన గదిలోకి దూరుతున్నారని, పైకప్పులో దాక్కుంటున్నారని, విషం పెట్టబోతున్నారని మైనర్ లండను పోలీసులకు చాలాసార్లు ఫిర్యాదు చేశాడు. వారు విని, మతి సరిగా లేదనుకుని ఊరుకున్నారు. చెప్పినప్పుడు ఒక్కరైనా ఆయన్ని వైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళి ఉంటే ఏమయ్యేదో మనం చెప్పలేం. తీసుకువెళ్ళలేదని మాత్రం చెప్పగలం.

1872 ఫిబ్రవరి 17, శనివారం. తెల్లవారుజామున 2 గంటల వేళ మైనర్ ఉలిక్కిపడి లేచాడు. గదిలో ఎవరో ఉన్నారనుకున్నాడు. పిస్తోలు పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. ఆ సమయంలో జార్జి మెరెట్ అనే కార్మికుడు ఆ దారిన పనికి వెళ్తున్నాడు. బీరు తయారుచేసే కర్మాగారంలో బాయిలరుకు బొగ్గు వేయడం అతని పని. ఏ సంఘంతోనూ అతనికి సంబంధం లేదు. మైనర్ కాల్చిన తూటాలకు అతను అక్కడికక్కడే కూలిపోయాడు. ఇంట్లో భార్య ఎలైజా, ఆరుగురు పిల్లలు. ఆమె ఏడో బిడ్డను మోస్తోంది.

మైనర్ పారిపోలేదు. పోలీసు వచ్చేవరకు అక్కడే నిలబడ్డాడు. తాను చంపదలచుకున్నది ఇతన్ని కాదని ఒప్పుకున్నాడు. విచారణలో జైలు కాపలాదారు ఒక సంగతి చెప్పాడు. రోజూ ఉదయం లేవగానే మైనర్ తనను నిందించేవాడట. రాత్రి డబ్బు తీసుకుని శత్రువులను లోపలికి వదిలావని. పిచ్చివాడైనందువల్ల నేరస్థుడు కాడని న్యాయస్థానం తీర్పు చెప్పింది. 1872 ఏప్రిల్‌లో ఆయన్ని బ్రాడ్‌మూర్ అనే ఆశ్రమానికి పంపారు. అప్పటికి ఆయన వయసు 37. అక్కడ 38 ఏళ్ళు గడిపాడు.

కోట

పింఛను వస్తుండడం, ఎవరికీ హాని చేయకపోవడం వల్ల ఆయనకు రెండు గదులు ఇచ్చారు. ఒక గదిని గ్రంథాలయంగా మార్చుకున్నాడు. పగలు చూస్తే మర్యాదస్తుడైన పండితుడు. రాత్రి అయితే మరో మనిషి. నేల పలకల సందుల్లోంచి మనుషులు పైకి వస్తారని, మత్తుమందు పెట్టి తనను హింసిస్తారని నమ్మేవాడు. తలుపుకు అడ్డంగా బల్లలు, కుర్చీలు పెట్టుకునేవాడు. పుస్తకాలు పాడుచేస్తున్నారని అధికారులకు ఫిర్యాదులు రాసేవాడు.

నేల పలకల్లో సందు లేదని ఆయనకు చూపిస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. సరిపోదు. జాడ దొరికితే వారు వచ్చినట్లు. దొరకకపోతే జాడ లేకుండా వచ్చేంత నేర్పరులన్నట్లు. కాదన్న కాపలాదారు కూడా వారి మనిషే అన్నట్లు. మీరు వేసే ప్రతి ప్రశ్నా ఆ కోట గోడకు ఇంకొక రాయి అవుతుంది. వాదనతో ఆ గోడ పడదు.

కాలం మారుతుంటే కోట కూడా పెరిగింది. 1903లో రైట్ సోదరులు విమానం ఎగరేశారు. ఆ కొత్త యంత్రాల సంగతి లోకానికి తెలిశాక, మైనర్ శత్రువులు కూడా వాటిని వాడుకోసాగారు. రాత్రిళ్ళు తనను ఎగిరే యంత్రంలో కాన్‌స్టాంటినోపుల్ దాకా తీసుకుపోయి, సిగ్గుమాలిన పనులు చేయించి, తెల్లారేసరికి మంచం మీద పడవేస్తున్నారని ఆయన అనేవాడు. నలభై ఏళ్ళ కిందట తోటి అధికారుల గుసగుసగా మొదలైన అనుమానం సముద్రాలు దాటింది చూశారా!

వితంతువు వచ్చింది

అయితే ఆ గదిలో అనుమానం ఒక్కటే లేదు. తాను చేసిన హత్య ఆయనకు తెలుసు, దాని బరువు మోశాడు. కొన్నేళ్ళ తరువాత ఎలైజా మెరెట్‌కు పశ్చాత్తాపం తెలియజేస్తూ, ఆమెకు ధనసహాయం చేస్తానని కబురు పంపాడు. ఆమె ఒప్పుకుంది. అంతేకాదు, ఆయన్ని చూడాలని ఉందని అడిగింది. అధికారులు సంకోచించి చివరికి అనుమతించారు.

ఆమె వెళ్ళింది. తన భర్తను చంపిన మనిషి ఎదుట కూర్చుంది. తరువాత మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. ఆయనకు కావలసిన పుస్తకాలు లండను దుకాణాల నుంచి తెచ్చి ఇచ్చింది. ఏడుగురు పిల్లల తల్లి, పేదరాలు, ఆ పుస్తకాల మూట మోసుకుని ఆ గేటు దాటింది. కొంతకాలానికి ఆ రాకపోకలు ఆగిపోయాయి. ఆమె బతుకు కష్టంగానే గడిచింది. క్షమించడం ఎంత కష్టమో మనం ప్రసంగాల్లో వింటాం. ఆమె ప్రసంగమేమీ చేయలేదు, రైలెక్కి వెళ్ళింది.

1879లో నిఘంటువు సంపాదకుడు జేమ్స్ మర్రే చదువరులను సహాయం కోరుతూ ఒక విజ్ఞప్తి అచ్చు వేయించి పంచిపెట్టాడు. అది మైనర్ చేతికి చిక్కింది. దాదాపు 20 ఏళ్ళ పాటు ఆయన ఆ పనిలో మునిగాడు. పుస్తకం చదువుతూ ఒక్కొక్క మాట ఏ పుటలో ఉందో అక్షరక్రమంలో చిన్న చిన్న పట్టికలు రాసుకునేవాడు. నిఘంటువులో ఇప్పుడు ఏ మాట మీద పని జరుగుతోందో కనుక్కుని, ఆ మాటకు కావలసిన ఉదాహరణలు పంపేవాడు. అందువల్ల ఆయన చీటీలు మూలన పడేవి కావు, నేరుగా పనికొచ్చేవి. గడచిన నాలుగు శతాబ్దాల మాటల చరిత్రను ఆయన పంపినవాటితోనే చూపించవచ్చునని మర్రే 1899లో మెచ్చుకున్నాడు. 1891 జనవరిలో మర్రే స్వయంగా బ్రాడ్‌మూర్‌కు వచ్చి ఆయన్ని కలిశాడు. ఆ స్నేహం చాలా ఏళ్ళు నిలిచింది.

ఇక్కడ మనం మోసపోకూడదు. పని ఆయనకు నయం చేయలేదు. పగలు గౌరవం ఇచ్చింది, రాత్రి భయాన్ని తీసివేయలేదు. స్నేహం మందు కాదు. అలాగని మందు లేని రోజుల్లో స్నేహం వృథా కూడా కాదు.

ముసలితనంలో ఆయన మనసు దేవుని వైపు మళ్ళింది. మనకు ఇది సంతోషవార్త అనిపిస్తుంది. అయితే జబ్బుపడిన మనసు ఆ భక్తిని కూడా తన నూలుతోనే నేసింది. యవ్వనంలో చేసిన పాపాలు, రాత్రిళ్ళు తనతో చేయిస్తున్నారనుకున్న పాపాలు ఆయన్ని కాల్చివేశాయి. 1902 డిసెంబరులో తన శరీరం మీద తానే కత్తి పెట్టుకుని, జననాంగాన్ని కోసుకున్నాడు. బతికాడు గాని మునుపటి మనిషి కాలేదు. గురువులు, కన్యాస్త్రీలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఎవరైనా అదే పాపాన్ని పదే పదే సంకీర్తనంలో చెబుతూ, ఎన్నిసార్లు క్షమాపణ పొందినా శాంతి లేక కుమిలిపోతుంటే, ఆ వ్యక్తికి మరింత ఉపవాసం నియమించడం కన్నా వైద్యుని పేరు చెప్పడం ప్రేమ.

1910లో హోం మంత్రిగా ఉన్న విన్‌స్టన్ చర్చిల్ ఉత్తర్వుతో మైనర్‌ను అమెరికాకు పంపివేశారు. సోదరుడు వచ్చి తీసుకువెళ్ళాడు. మళ్ళీ అదే వాషింగ్టన్ ఆసుపత్రి. అక్కడి వైద్యులు ఆయన జబ్బుకు పేరు పెట్టారు. దాన్నే నేడు స్కిజోఫ్రీనియా అంటున్నాం. 1920 మార్చి 26న, 85 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు. ఆయన సాయపడిన నిఘంటువు 1928లో పూర్తయింది.

మన ఇంటి సంగతి

మైనర్‌కు మందు లేదు. మొదటి మందు 1952లో గాని వాడుకలోకి రాలేదు. నేడు మందులున్నాయి. అందరికీ ఒకేలా పనిచేయవు, కొందరికి ఇబ్బందులు కలిగిస్తాయి, అయినా చాలామంది వాటితో కోలుకుని ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పిల్లలను పెంచుకుంటున్నారు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. సాధారణంగా ఈ జబ్బు యవ్వనంలో బయటపడుతుంది. కాలేజీకి వెళ్ళే పిల్లవాడు నిద్ర మానేసి, స్నేహితులను వదిలి, తలుపులు వేసుకుని కూర్చుని, అన్నంలో ఏదో కలిపారని అంటుంటే, పరీక్షల భయమని సరిపెట్టుకోకండి.

అతనితో వాదించకండి. అలాగని అవును, విషం కలిపారు అని తల కూడా ఊపకండి. నీకు భయంగా ఉందని నాకు తెలుస్తోంది, నేను నీ పక్కనే ఉన్నాను అనండి. ఆ భయం నిజమే, దాని కారణమే నిజం కాదు. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలు ఉన్నాయి. 2022 నుంచి 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా అడిగే వీలుంది. ఈ రోగులందరూ ప్రమాదకరులని భయపడకండి. వారిలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. వారే ఇతరుల చేతుల్లో దెబ్బలు తింటుంటారు.

ప్రార్థన మానమని ఎవరూ చెప్పరు. ప్రార్థన పేరుతో వైద్యం మానడమే తప్పు. దయ్యం పట్టడం వేరు, మనోవ్యాధి వేరు, వ్యాధిని చూడవలసింది వైద్యులని మన శ్రీసభ సత్యోపదేశమే స్పష్టంగా చెబుతోంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో స్వస్థత కోసం తెచ్చి గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు పాకకు నిప్పంటుకుంటే కదలలేక కాలి చనిపోయారు. వారిని అక్కడ వదిలి వెళ్ళినవారిలో బిడ్డలను ప్రేమించిన తల్లిదండ్రులూ ఉండి ఉంటారు. గొలుసు ఏ మతం వారు కట్టినా గొలుసే.

గెరాసేను దేశంలో సమాధుల మధ్య తిరుగుతూ, గొలుసులు తెంచుకుంటున్న మనిషిని ప్రభువు కలిసినట్లు సువార్తలో చదువుతాం. బాగుపడ్డాక అతను ప్రభువు వెంట వస్తానన్నాడు. ప్రభువు అతన్ని ఇంటికి, తనవారి దగ్గరికి పంపాడు. ఆ ఇంట్లో తలుపు తీసి ఉంచారా లేదా అన్నది సువార్త చెప్పలేదు. అది మనం చెప్పవలసిన జవాబు.

ఈ ఆదివారం పూజ అయ్యాక, మీ వీధిలో అటువంటి బిడ్డ ఉన్న ఇంటికి ఒకసారి వెళ్ళండి. సలహాలు మూట కట్టుకుని వెళ్ళకండి. కాసేపు కూర్చోండి. ఆ తల్లిని కాఫీ పెట్టమని అడగండి. ఆ ఇంటికి ఎవరూ వచ్చి చాలాకాలమై ఉంటుంది.